దానమునకు ముందు ఋణము



దానమును గూర్చి చెప్పవలసి వచ్చినపుడెల్ల శిబిని, కర్ణుని, బలిచక్రవర్తిని స్మరించుట మనకు అలవాటు. ఈ పర్యాయము మేము సముద్రములకు ఆవలనున్న ఒక ఉక్కు కర్మాగారాధిపతిని గూర్చి చెప్పదలచితిమి. ఆయన పేరు ఆండ్రూ కార్నెగీ. వైదికుడు కాడు, మన ధర్మశాస్త్రముల నడుమ పెరిగినవాడును కాడు. అయినను ధనము గలవాడు ఆ ధనముతో ఏమి చేయవలెనను ప్రశ్నను తనకు తానే వేసికొని, సమాధానమును వ్రాసి లోకమునకు ప్రకటించి, ప్రకటించినదానిని చాలవరకు ఆచరించెను. అటువంటివారు ఏ దేశమునందైనను అరుదు. మా ఉపన్యాసములు విని, "శాస్త్రిగారూ, పదిమందికి పని కల్పించిన వ్యాపారి వేరుగా దానము కూడ చేయవలెనా? చేసినచో ఎంత చేయవలెను? ఎవరికి చేయవలెను?" అని అడుగు గృహస్థులు పెక్కుమంది కలరు. వారికి కార్నెగీ చరిత్రము మిక్కిలి ఉపయోగించును. ఆయన చేసినదాని వలనను, చేయక విడిచినదాని వలనను గూడ.

కార్నెగీ 1835 నవంబరు 25వ తేదీన స్కాట్లాండు దేశమందలి డన్ఫర్మ్‌లిన్ అను పట్టణమున జన్మించెను. తండ్రి విలియం చేనేత పనివాడు. అవిసెనార బట్టలపై పూలు నేయుటయందు నేర్పరి. ఆవిరితో నడచు మగ్గములు వచ్చిన పిమ్మట చేతిమగ్గమునకు పని లేకపోయెను. ఈ కథను మన పెడన, చీరాల, పోచంపల్లి నేతవారికి విడమరచి చెప్పనక్కరలేదు. 1848లో ఆ కుటుంబము అప్పుచేసి ఓడనెక్కి అమెరికాకు వలసపోయి, పెన్సిల్వేనియా రాష్ట్రమున పిట్స్‌బర్గు నగరము చెంతనున్న అలెఘేనీలో కాపురముండెను. 13 ఏండ్ల ఆండ్రూ నూలుమిల్లులో కండెలు మార్చు పనికి కుదిరెను. దినమునకు 12 గంటల పని, వారమునకు 1 డాలరు 20 సెంట్ల కూలి. ఈ 12 గంటలను పాఠకులు గుర్తుంచుకొనవలెను. ఆ ప్రస్తావన ముందు మరల వచ్చును.

పిదప ఆ బాలుడు తంతి కార్యాలయమున వార్తలు మోయు పనిలో చేరెను. ఆ ఊర కర్నల్ జేమ్స్ ఆండర్సన్ అను పెద్దమనిషి యుండెడివాడు. ఆయన తన యింటనున్న దాదాపు 400 పుస్తకములను పనిచేయు పిల్లలకు ప్రతి శనివారమును చదువుకొన నిచ్చుచుండెను. కొంతకాలమునకు ఆ గ్రంథాలయమువారు, చేతిపని నేర్చుకొనుచున్న పిల్లలకు తప్ప మిగిలినవారికి రుసుము విధింపగా, ఈ పిల్లవాడు పత్రికకు జాబు వ్రాసి వాదించి, తనవంటి వారికిని ఉచితముగా ప్రవేశము సంపాదించెను. విద్యాదానము ఎంత దూరము పోవునో చూడుడు. ఆ 400 పుస్తకముల ఋణమును తీర్చుకొనుటకు కార్నెగీ తరువాతి కాలమున వేలకొలది గ్రంథాలయములు కట్టించెను. 1904లో అలెఘేనీ గ్రంథాలయము చెంత ఆండర్సన్ స్మారకమును కూడ నిలిపెను. గురుఋణమును మరువని గుణము ఆయనయందుండెను.

తంతి నుండి రైలుకంపెనీకి, రైలు నుండి ఇనుపవంతెనలకు, వంతెనల నుండి ఉక్కునకు ఆయన ఎట్లు ఎదిగెనో ఇక్కడ విస్తరింపము. 1875లో మొనంగహేలా నదీతీరమున బ్రాడక్ అను చోట పెద్ద ఉక్కు కర్మాగారమును నెలకొల్పెను. అప్పటినుండి లక్ష్మి ఆయన వెంటపడినది.

దానికి ముందే జరిగిన సంగతి యొకటి ముఖ్యమైనది. 1868 డిసెంబరులో, తన 33వ యేట, న్యూయార్కు నగరమున ఒక హోటలులో కూర్చుండి ఆయన తనకొరకే ఒక కాగితము వ్రాసికొనెను. సంవత్సరమునకు 50,000 డాలర్ల ఆదాయము తనకు చాలుననియు, అంతకు మించినదానిని పరోపకారమునకు వినియోగింపవలెననియు అందు నిశ్చయించుకొనెను. మనుష్యుడు ఏదో యొక దానిని పూజింపక మానడు. ధనమును పూజించుట అన్ని పూజలలో నీచమైనది. ఇంకను కొన్ని యేండ్లు ఇదే ధ్యాసలో నున్నచో మరల కోలుకొనలేనంతగా తాను దిగజారుదునని భయపడెను. రెండేండ్లలో వ్యాపారమును విరమింతునని వ్రాసికొనెను. (ఆ కాగితమున విగ్రహారాధనను నిందించు మాట వచ్చును. అది వారి మతమర్యాదననుసరించి వచ్చిన మాట. దానితో మనకు తగవు లేదు. ధనము ఎదుట సాగిలపడుటను గూర్చి ఆయన చెప్పినది మాత్రము మనకును సమ్మతమే.)

రెండేండ్లు గడచినవి, పదియేండ్లు గడచినవి. విరమించుటకు 33 సంవత్సరములు పట్టెను! యయాతి మహారాజు కొడుకు యౌవనమును అడిగి పుచ్చుకొని, ఎంత అనుభవించినను కోరిక చల్లారదని చివరకు గదా తెలిసికొనెను. కామమునకు చెప్పినది అర్థమునకును వర్తించును. ఐనను ఆ కాగితమును కార్నెగీ చింపివేయలేదు. అది ఆయన మరణానంతరము దొరకినది.

1889 జూన్ నెలలో "నార్త్ అమెరికన్ రివ్యూ" అను పత్రికలో ఆయన "సంపద" అను వ్యాసమును ప్రకటించెను. ఇంగ్లండులో దానినే "సంపద సువార్త" అను పేర పునర్ముద్రించిరి; ఆ పేరే స్థిరపడినది. అందు ఆయన వాదము ఇట్లున్నది. మిగులు ధనమును వినియోగించుటకు మూడు మార్గములు కలవు. సంతానమునకు విడిచిపోవుట మొదటిది. మరణానంతరము ప్రజోపయోగమునకు చెందునట్లు మరణశాసనము వ్రాయుట రెండవది. బ్రతికియుండగనే తన బుద్ధిని, శ్రమను కూడ వెచ్చించి స్వయముగా వినియోగించుట మూడవది. మొదటిదానిని ఆయన నిరసించెను: కష్టపడకుండ వచ్చిన పెద్ద సంపద బిడ్డలకు మేలు కంటె కీడే ఎక్కువ చేయునని ఆయన మతము. రెండవదానికి పెద్దగా విలువ నీయలేదు. వెంట తీసికొనిపోగలిగినచో విడిచియుండెడివాడే కాడు గదా, అట్టివానిని దాత యని యెట్లందుము అని ఆయన ప్రశ్న. మరణించినవారి ఆస్తిపై ప్రభుత్వము గట్టి పన్ను విధించుట న్యాయమని కూడ ఆ ధనవంతుడే వ్రాసెను. (మన దేశమున అట్టి పన్ను 1953లో వచ్చి 1985లో పోయినది.) మూడవ మార్గమే ధనికునకు ధర్మమనియు, ఆ పని చేయక అధిక ధనముతో మరణించుట అవమానమనియు ఆయన తేల్చి చెప్పెను.

ఇందు మన పెద్దలు అంగీకరించునది చాల కలదు. కొంచెము సవరింపదగినదియు కలదు. శ్రీమద్భాగవతము అష్టమస్కంధమున, వామనునకు మాట ఇచ్చిన బలిని శుక్రాచార్యుడు వారించుచు, ధనమును ఐదు భాగములు చేయుమనును: ధర్మమునకు, కీర్తికి, మరల ధనార్జనకు, తన సుఖమునకు, తనవారికి. గృహస్థునకు సాధారణముగా ఇది మంచి లెక్కయే. దానికి బలి చెప్పిన సమాధానమును తెలుగువారు పోతనగారి నోట వినియే యున్నారు. కార్నెగీది బలి మార్గమునకు దగ్గర. అయితే బలి ఇచ్చునప్పుడు ఎదుట నిలిచినవాడు ఎవరో తెలిసి తలవంచెను. ఈయన ఇచ్చునప్పుడు ఎదుట నిలిచినవారు తనకంటె తక్కువ తెలిసినవారని తలంచెను. ఈ భేదమే ముందు ముందు మనకు పనికివచ్చును.

ధనికుడు తన సొత్తునకు యజమాని కాడు, ధర్మకర్త మాత్రమే అనునది ఆ వ్యాసమునకు ప్రాణము. ఈ మాట మనకు క్రొత్త కాదు. కడుపు నిండుటకు ఎంత కావలెనో అంతవరకే మనుష్యునకు స్వత్వమనియు, అంతకు మించి తనదనుకొనువాడు దొంగతో సమానుడనియు నారదమహర్షి ధర్మరాజునకు చెప్పినట్లు సప్తమస్కంధమున కలదు. మహాత్మాగాంధీ కూడ గీతలోని అపరిగ్రహమును, ఆంగ్ల న్యాయశాస్త్రమున తాను చదివిన ధర్మకర్త అను భావమును కలిపికొని ఈ నిశ్చయమునకే వచ్చినట్లు తన ఆత్మకథలో తెలిపియున్నారు. వేరువేరు దారులలో వచ్చినవారు ఒకే గడప చేరిరి. మన దేవాలయములకు ధర్మకర్తలు ఉన్నారు గదా. హుండీలోని రూకపై ధర్మకర్తకు ఎంత అధికారమో, తన యినప్పెట్టెలోని రూకపై ధనికునకు అంతే అధికారమని అర్థము. వినుటకు తేలిక, ఆచరణ కష్టము.

దానమును ఎవరికి ఈయవలెనను చోట కార్నెగీ మిక్కిలి కఠినుడు. దానధర్మముల పేర వెచ్చించు ప్రతి 1,000 డాలర్లలో 950 డాలర్లు అవివేకముగా పోవుచున్నవని ఆయన అంచనా. పరిచితుడైన ఒక గ్రంథకర్త దారిలో ఎదురుపడిన బిచ్చగానికి పావు డాలరు ఇచ్చినందుకు ఆయన ఆ వ్యాసముననే ఆక్షేపించెను; అడిగినవాని స్థితి విచారింపక ఇచ్చుట తన మనస్సు నొచ్చకుండుటకు చేసికొన్న సుఖమే గాని దానము కాదనెను. గీతాచార్యుడు దేశకాలపాత్రములను విచారించి ఇచ్చినదానినే సాత్త్వికదాన మనుట ప్రసిద్ధము. కావున పాత్రతను విచారింపుమనుట మనకు సమ్మతమే. కాని ఒక చోట మాత్రము ఆయనతో ఏకీభవింపలేము. భూమికి, బంగారమునకు, ధనమునకు పాత్రత చూడవలెను. అన్నమునకు ఆకలియే పాత్రత. లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు, 1909లో పరమపదించువరకు, వచ్చినవాని కులగోత్రములు విచారింపక, వేళగాని వేళలో వచ్చినను విస్తరి వేసిరి. గోదావరి లంకలలో ఆ తల్లి పొయ్యి ఆరలేదు. 950 డాలర్లు వ్యర్థమనిన వాని లెక్క ఆ వంటయింటిలో చెల్లదు.

దానమునకు తగిన రంగములను ఆయన అదే సంవత్సరము డిసెంబరులో మరియొక వ్యాసమున వివరించెను. విశ్వవిద్యాలయములు, గ్రంథాలయములు, వైద్యశాలలు, ఉద్యానవనములు, సభామందిరములు, స్నానశాలలు, చిట్టచివర ప్రార్థనాలయములు. మనవారు చెప్పిన పూర్తధర్మమును ఇది తలపించుట లేదా? వాపీకూపతటాకములు, తోటలు, దేవాలయములు, అన్నసత్రములు: ఒకరు కట్టించి పదిమంది తరతరములుగా అనుభవించునవి. యజ్ఞాదులగు ఇష్టములతో పాటు పూర్తమును కూడ మన శాస్త్రములు విధించినవి. కార్నెగీకి ఇష్టము లేకపోయినను పూర్తము నిండుగా కలదు. ప్రార్థనాలయములకు మాత్రము ఆయన వాద్యములను ఇచ్చెను. ఆర్గన్ అను ఆ పెద్ద వాద్యములను 7,000కు పైగా దానము చేసెను. బోధకుని నోటికి పూచీ పడుట కంటె వాద్యమునకు పూచీ పడుట సులభమనుకొనెనేమో!

గ్రంథాలయములే ఆయన కీర్తికి ప్రధానకారణము. మొదటిది 1883లో జన్మస్థలమగు డన్ఫర్మ్‌లిన్‌లో వెలసెను. దాని ద్వారముపై ఏ చిహ్నము చెక్కవలెనని అడుగగా, తమ వంశమునకు రాజచిహ్నములు లేవనియు, కిరణములు వెదజల్లు బాలసూర్యుని చెక్కుడనియు చెప్పెనట. 1929 నాటికి లెక్కింపగా ఆయన ధనముతో 2,509 గ్రంథాలయములు లేచినవి. వాటిలో 1,679 అమెరికాలోనివి, 660 బ్రిటను, ఐర్లండులలోనివి. ఆయన విధించిన నియమము మాత్రము మన ధర్మకర్తలు నేర్చుకొనదగినది. ఊరివారు స్థలమును ఈయవలెను. తాను ఇచ్చిన మొత్తములో పదవవంతును ఏటేట నిర్వహణమునకు పన్నుల ద్వారా సమకూర్చుదుమని మాట ఈయవలెను. అప్పుడే కట్టడమునకు ధనము. చెరువు త్రవ్వించువారు దొరకుదురు. పూడిక తీయించువారే దొరకరు. గోపురమునకు కలశమెత్తి, దీపమునకు నూనె లేని ఆలయములను మేము ఎన్నింటినో చూచితిమి. ఆయన ఈ చిక్కును ముందే ఊహించెను.

ఇంతవరకు స్తుతించితిమి. ఇక ఆయన సిద్ధాంతమునకు పునాదియైన మాటను పరిశీలింపవలెను. కార్నెగీ హెర్బర్ట్ స్పెన్సర్ అను తత్త్వవేత్తకు శిష్యప్రాయుడు. పోటీ అనునది ప్రకృతినియమమనియు, అది కొందరికి క్రూరముగ తోచినను జాతికి మేలు చేయుననియు, బలవంతుడు నిలిచి బలహీనుడు తొలగుట అనివార్యమనియు నమ్మెను. పెద్ద చేప చిన్న చేపను మ్రింగుటను మన పెద్దలును చూచిరి. దానికి మత్స్యన్యాయమని పేరు పెట్టిరి. కాని దానిని ధర్మమనలేదు. అది ప్రబలకుండ కాపాడుటకే రాజు, దండము, ధర్మశాస్త్రము పుట్టినవనిరి. లోకమున జరుగుచున్నదానిని చూచి జరుగవలసినది ఇదియే యనుకొనుట ఎంత మేధావికైనను ప్రమాదకరము.

ఆ ప్రమాదము 1892లో హోమ్‌స్టెడ్ అను చోట బయటపడినది. అది కూడ మొనంగహేలా తీరముననే యున్న కార్నెగీ కర్మాగారము. ఆరేండ్లకు ముందు, 1886లో, కార్మికులకు సంఘము పెట్టుకొను హక్కు కలదనియు, సమ్మె చేసినవాని పనిని మరియొకడు ఆక్రమించుట తగదనియు ఆయన స్వయముగా వ్యాసములు వ్రాసియుండెను. ఇప్పుడు ఒప్పందము గడువు తీరుచుండగా, వేతనములు తగ్గించుటకును సంఘమును తొలగించుటకును ఆయన భాగస్వామి హెన్రీ క్లే ఫ్రిక్ సిద్ధపడెను. కార్నెగీ ఆ వేసవిలో స్కాట్లాండు కొండలలో నుండెను. అయినను సంఘము లేకుండ చేయు సంకల్పమునకు ఆయన సమ్మతి ముందే యుండెను. జూలై 6వ తేదీ ప్రొద్దుట, దాదాపు 300 మంది పింకర్టన్ సంస్థ సాయుధులు పడవలలో నదిమీదుగా వచ్చిరి. గట్టుననున్న కార్మికులకు, వారికి పోరు జరిగి, ఇరుపక్షములందు కలిపి పదిమందికి తక్కువ కాకుండ మరణించిరి. పిదప రాష్ట్రప్రభుత్వము వేలకొలది సైనికులను పంపెను. నవంబరు నాటికి సమ్మె విఫలమైనది, సంఘము నశించినది. ఆ తరువాత ఆ కొలిముల వద్ద దినమునకు 12 గంటల పని సాధారణమైనది. రెండు వారములకొకసారి పగటివంతు రాత్రివంతు మారునపుడు ఏకబిగిని 24 గంటలు. నూలుమిల్లులో కండెలు మార్చిన పిల్లవాని 12 గంటలే ఇవి. ఇప్పుడు ఆ గంటలకు యజమాని ఆ పిల్లవాడే.

తన జీవితమున ఇంతగా గాయపరచినది వేరొకటి లేదని కార్నెగీ తరువాత ఆత్మకథలో వ్రాసెను. ఆ వేదన నిజమైనదే యని మేము నమ్ముదుము. కాని ఇది ఫ్రిక్ దొసగు, ఆనాటి ఆవేశము అని త్రోసివేయుటకు వీలులేదు. దీని బీజము 1889 వ్యాసముననే కలదు. ఒకనిచేత ప్రోగుపడిన పెద్ద మొత్తము సత్కార్యమునకు ఉపయోగపడుననియు, అదే మొత్తమును కొంచెము కొంచెముగా అందరకు పంచినచో వారు దానిని తిండికిని త్రాగుడునకును వృథా చేయుదురనియు అందు వ్రాసెను. కూలివాని చేతికి పోవలసిన రూక తన చేతిలో నుండుటయే లోకమునకు మేలని దీని తాత్పర్యము. ఆ రూక ఎవరిది అను ప్రశ్నను మాత్రము ఆయన వేసికొనలేదు.

మన శాస్త్రము మొదట అడుగునది ఆ ప్రశ్ననే. సంస్కృతమున "భృ" అను ధాతువునకు మోయుట, పోషించుట అని అర్థము. భర్త, భార్య, భృత్యుడు, భృతి – అన్నియు ఆ ధాతువునుండియే వచ్చినవి. భృత్యుడనగా పోషింపదగినవాడు, భృతి యనగా కూలి. కూలి యిచ్చుటను పోషణమను ధాతువుతో చెప్పిన భాష మనది. మనుస్మృతి పదునొకండవ అధ్యాయమున, శక్తి యుండియు తనవారు దుఃఖములో నుండగా పరులకు దానము చేయువాని ధర్మము ధర్మము కాదు, ధర్మము వేషము మాత్రమే యని చెప్పబడినది; నాలుకకు తేనె, లోపలికి పోయిన పిదప విషము. పోషింపవలసినవారిని పీడించి పరలోకముకొరకు చేయు సత్కర్మ ఇహమునను పరమునను దుఃఖమునే యిచ్చునని కూడ ఆ వెంటనే కలదు. తనవారనగా బంధువులే గదా యని కొందరు వాదింతురు. తన కొలిమి వద్ద ఒడలు కాల్చుకొను వేలమంది ఎవని బంధువులు? వ్యాఖ్యానములకు పోనక్కరలేదు, ధాతువే సాక్ష్యము చెప్పుచున్నది. కూలి దానము కాదు, ఋణము. ఋణము తీర్చిన పిదప మిగిలినదే దానయోగ్యమైన ధనము.

మా పాఠశాలలో జరిగిన సంగతి యొకటి చెప్పెదము. మేము చిన్నవారమై యుండగా, ఒక నూనెమిల్లు యజమాని విద్యార్థుల భోజనమునకు కొంత ధనమును పట్టుకొని వచ్చెను. మా గురువుగారు ఆయనను గౌరవించి కూర్చుండబెట్టి, "బాబూ, మీ మిల్లులో జీతములు ముట్టినవా?" అని మెల్లగా అడిగిరి. మూడు నెలలుగా కొందరికి బాకీ యున్నదని ఆ ఊర అందరకు తెలియును. ఆయన మాటలాడక లేచిపోయెను. ఆ దినములలో మాకు పూటకు చారన్నమే. పిల్లలకు గురువుగారి మీద కోపము వచ్చిన మాట నిజము! రెండు నెలల తరువాత ఆయనే మరల వచ్చి, బాకీలు తీర్చితినని చెప్పి, మునుపటికంటె తక్కువ మొత్తము నుంచిరి. గురువుగారు దానిని కన్నుల కద్దుకొని పుచ్చుకొనిరి.

ఇట్టి సందర్భముననే అశ్వమేధపర్వములోని ముంగిస కథ గుర్తునకు వచ్చును. కురుక్షేత్రమున ఉంఛవృత్తితో జీవించు బ్రాహ్మణుడు, భార్య, కుమారుడు, కోడలు కరవుకాలమున దొరకిన పేలపిండిని పంచుకొని భుజింపబోవుచుండగా అతిథి వచ్చెను. నలుగురును తమ తమ భాగములను ఆయనకే సమర్పించిరి. అక్కడ చిందిన పిండిలో పొర్లిన ముంగిసకు సగము మేను బంగారమైనది. మిగిలిన సగముకొరకు అది ధర్మరాజు యజ్ఞశాలకు వచ్చి పొర్లినను మారలేదు. ఈ కథను శ్రద్ధామహిమగా చెప్పుట కలదు; అది సరియే. కాని అక్కడ మూలమున మరియొక సంగతి నొక్కి చెప్పబడినది: న్యాయముగా ఆర్జించిన పిడికెడు, అన్యాయార్జితమైన రాశికంటె మిన్న. ధర్మరాజంతటివాని యాగమునకే ముంగిస వంక పెట్టినది. మొనంగహేలా తీరమున పొర్లినచో ఏమనెడిదో!

హోమ్‌స్టెడ్‌లోను కార్నెగీ గ్రంథాలయము లేచినది, 1898లో. పుస్తకములతో పాటు సంగీతశాల, స్నానపు కొలను కూడ కలవు. అది నేటికిని పనిచేయుచున్నది. ఆ ఊరి కుటుంబముల జీవనమును ఇల్లిల్లు తిరిగి పరిశీలించిన మార్గరెట్ బయింగ్టన్ అను విదుషి 1910లో ఒక గ్రంథము ప్రకటించెను. మాకు కూలి తగ్గింపకుండ ఉన్నచో ఆ ధనమును మేమే ఖర్చు చేసికొనెడివారము, 12 గంటలు పనిచేసినవానికి గ్రంథాలయమెందుకు అని అచ్చటి కార్మికుడు అనుకొనుట అందు కనబడును. గ్రంథాలయము మంచిదే. దానిని చదువు తీరిక, కూలి, ఒంటిలో సత్తువ ముందుగ ఉండవలెను.

ఇచ్చువాడు సిగ్గుతోను భయముతోను ఈయవలెనని తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో చదువు ముగించి ఇల్లు చేరు శిష్యునకు ఆచార్యుడు బోధించును. ఇచ్చుటలో సిగ్గెందుకు? ఇంతకంటె ఎక్కువ ఈయలేకపోతిని గదా యని కొందరి వ్యాఖ్య. ఇది నాయొద్ద ఇంత కాలమెందుకు నిలిచినది అని కూడ అనుకొనవచ్చునని మాకు తోచును. ఈ సిగ్గు నేటి దాతలలో తక్కువ. ఫలకముపై పేరు అక్షరములు చిన్నవైనవని అలిగిన దాతను ఎరుగుదుము. 2013 కంపెనీల చట్టము 135వ విభాగము ప్రకారము పెద్ద కంపెనీలు మూడేండ్ల సగటు నికరలాభములో 2 శాతమును సమాజసేవకు వెచ్చింపవలెను. మంచి చట్టమే. కాని ఆ 2 శాతమును చూపించి మిగిలిన 98ని గూర్చి అడుగవద్దనుట చట్టమునకు సరిపోవునేమో గాని ధర్మమునకు చాలదు. కాంట్రాక్టు కూలివాని భవిష్యనిధి కట్టక వైద్యశిబిరము పెట్టించు యజమాని, ఆ శిబిరమున మొదటి రోగిగా తన కూలివానినే చూడవలసివచ్చును.

కార్నెగీని తూచుట మా పని కాదు. ఆయన సిద్ధాంతమును మాత్రమే తూచుచున్నాము. మనిషి తన సిద్ధాంతముకంటె ఒక్కొక్కచోట పెద్దవాడు. బాల్యమున డన్ఫర్మ్‌లిన్‌లో పిటెన్‌క్రీఫ్ అను జమీందారు తోట యుండెడిది. ఆ జమీందారుతో తగవుపడిన తల్లివైపు వంశమువారికి లోపలికి ప్రవేశము లేదు. ఈ పిల్లవాడు గోడ వెలుపలనుండియే చూచెడివాడు. 1902లో ఆయన ఆ తోటనంతటిని కొని, మరుసటి యేట ఊరివారికి ఇచ్చివేసెను. తాను పొందిన బిరుదులన్నిటికంటె ఆ తోటకు యజమాని యగుటయే మిన్నగా భావించెను. ఆ యాజమాన్యమును వెంటనే విడిచిపెట్టెను. 1919 ఆగస్టు 11న మరణించునాటికి దాదాపు 35 కోట్ల డాలర్లు దానము చేసియుండెను. మిగిలిన 3 కోట్లను కూడ మరణశాసనము ద్వారా పంచెను. తన వ్యాసమునకు తాను కట్టుబడెను.

1901లో ఆయన తన కంపెనీని జె.పి. మోర్గాన్ బృందమునకు 48 కోట్ల డాలర్లకు విక్రయించెను. ఆయన సొంత భాగమునకు 22 కోట్ల డాలర్లకు పైగా విలువగల బాండ్లు వచ్చెను. 1868 కాగితములోని నిశ్చయము నెరవేరు దినము వచ్చినది. అప్పుడు, విశ్వవిద్యాలయములకంటెను శాంతిసంస్థలకంటెను ముందుగా, 1901 మార్చి 12వ తేదీ గల ఒక లేఖతో 40 లక్షల డాలర్ల బాండ్లను కేటాయించెను. అవి పనిలో గాయపడినవారికిని, మరణించినవారి కుటుంబములకును, వృద్ధులైన కార్మికులకును ఉద్దేశింపబడినవి. మిగులు ధనమును తాను మొట్టమొదట ఉపయోగించుచున్నది దీనికే యని ఆ లేఖలో తెలిపెను. దానికి దానమను పేరు పెట్టలేదు. తన అభ్యుదయమునకు తోడ్పడిన కార్మికులకు తాను పడియున్న గాఢమైన ఋణమును ఒప్పుకొనుటయని వ్రాసెను.